కూసునుడు నేర్చుకున్న రోజులు

టేకులపల్లిల చుట్టాలింట్ల శుభకార్యం చూసుకొని బైకు మీద ఇల్లందుకు తిరిగొస్తున్నం. మా ఆయన నడుపుతుండు, నేను ఎనక కూసున్న. వాన వెలిసింది గానీ రోడ్డు ఇంకా ఆరలేదు. అడవిల ఓ మలుపు కాడ బర్రె అడ్డమొచ్చింది. ఆయన బ్రేకు కొట్టిండు, బండి జారింది. ఆయనకు మోచేతులు గీసుకపోయినయ్, అంతే. నేను ఎగిరి కల్వర్టు గోడకు నడుము తగిలి పడ్డ. లేవబోతే కాళ్ళు కదల్లేదు.

ఖమ్మంల దవాఖానాల ఆపరేషన్ చేసిండ్రు. నడుము కింద ఇగ స్పర్శ రాదని డాక్టరు మా ఆయనను బయటికి పిలిచి చెప్పిండు. ఆయన లోపలికొచ్చి నాతోని చెప్పలేక కిటికీ దిక్కు చూసుకుంట నిలబడ్డడు. నేనే అడిగి చెప్పించుకున్న. చెప్పినంక ఆయన ఏడ్చిండు. నాకు ఆ రోజు ఏడుపు రాలేదు. ఇంట్ల సగం కుట్టి వదిలేసిన పెళ్ళి జాకెట్టు ఒకటి మిషను మీదనే ఉంది, అది ఎవరు పూర్తి చేస్తరు అన్న ఆలోచనే వచ్చింది.

నేను లేడీస్ టైలర్‌ను. మా ఇంటి ముందల అర్రనే నా దుకాణం. మా ఆయనది బొగ్గు గనిల పని. ఇంట్ల మేమిద్దరం, మా అత్తమ్మ. అంతే మా సంసారం.

ఇంటికొచ్చేటప్పుడు దవాఖానా ఎదురుంగ ఉన్న దుకాణంల వీల్‌చైర్ కొన్నం. ఏది ఉంటే అది తెచ్చినం. దానికి గూడ కొలతలు ఉంటయని మాకు ఎరుక లేదు. జాకెట్టుకు భుజం ఇంత, చంక ఇంత అని వేలెడు తేడా లేకుండ కొలిచే నేను, రోజంతా కూసునే కుర్చీని కొలవకుండనే తెచ్చుకున్న. అది నాకు వెడల్పు ఎక్కువ. కూసుంటే ఒక పక్కకు ఒరిగిపోయేదాన్ని. అత్తమ్మ రెండు పక్కల మెత్తలు కుక్కింది. "నీ బండిల నువ్వు రాణి లెక్క కూసోవాలె బిడ్డా," అన్నది. ఆమె దాన్ని కుర్చీ అనలేదు, ఎప్పుడూ బండి అనే అన్నది.

మా ఇంటి ముందర మెట్లున్నయ్. మా ఆయనతోని పనిచేసేటోళ్ళు ఆదివారం నాడు వచ్చి, మెట్ల మీదనే సిమెంటు పోసి ర్యాంపు కట్టిండ్రు. పాపం, ఎంత ప్రేమతోని కట్టిండ్రో అంత నిటారుగ కట్టిండ్రు. మొదటిసారి మా ఆయన నన్ను ముందరికి మలిపి దించుతుంటే కుర్చీల నుంచి జారి మోకాళ్ళ మీద పడ్డ. ఎక్కేటప్పుడు ముందరి చక్రాలు గాల్లకు లేచి ఎనక్కి పడబోయిన. ఆయన రొమ్ముతోని ఆపిండు. గప్పటి సంది ఆయనకు భయం పట్టుకుంది. కుర్చీని నమ్ముడు మానేసి నన్ను ఎత్తుకునుడు మొదలుపెట్టిండు.

మంచం మీది నుంచి కుర్చీలకు, కుర్చీల నుంచి స్నానాల గదికి, మళ్ళ మంచానికి, అన్నీ ఎత్తుకునే. డ్యూటీ నుంచి వచ్చి బొగ్గు మసి కడుక్కోకముందే "ఎక్కడికన్న పోతవా?" అని అడిగేటోడు. వాడకట్టు ఆడోళ్ళు చూసి "గిట్లాంటి మొగడు ఎవలికి దొరుకుతడే" అన్నరు. నిజమే. కానీ మంచం దిగాలన్నా ఆయన వచ్చేదాక ఆగుడు, ఆయన వచ్చినంక అడుగుడు, అడిగినందుకు నాకే సిగ్గనిపించుడు. గిదంతా వాళ్ళకు కనబడదు గద.

నేను మళ్ళ కుట్టు మొదలుపెట్టిన. మిషనుకు మోటరు పెట్టించి, కాలితోని తొక్కే పెడలును బల్ల మీద పెట్టుకొని మోచేత్తోని నొక్కుడు అలవాటు చేసుకున్న. అలవాటు అయ్యేదాక కుట్టు వంకర్లు పోయింది. కొన్ని జాకెట్లు విప్పి మళ్ళ కుట్టిన. ఆ సంబురంల కుర్చీకి ఓ మెత్త గూడ కుట్టుకున్న. బూరుగు దూది నింపి, ఎర్ర సాటిన్ గుడ్డ వేసి, దూది జరగకుండ నడుమ నడుమ దారంతోని గట్టిగ ముడులేసి, అంచుకు పైపింగ్ తిప్పిన. చూసినోళ్ళందరూ మెచ్చుకున్నరు. పొద్దున కూసుంటే పొద్దుమూకేదాక దాని మీదనే.

ఒకనాడు స్నానం పోసుకుంట అత్తమ్మ ఆగింది.

"ఏంది బిడ్డా గిది? గిక్కడ నల్లగ కమిలింది. నొప్పి లేదా?"

"ఎక్కడ అత్తమ్మా?"

"పిర్ర కింద. ఒత్తినా రంగు మారుతలేదు."

నాకు ఆమె వేలు తగిలినట్టు గూడ తెలువదు. పసుపు పెట్టినం, కొబ్బరినూనె రాసినం. నేను కుట్టు ఆపలేదు. కొన్ని రోజులకు అది పగిలి పుండైంది. జ్వరమొచ్చి మళ్ళ ఖమ్మం పోయినం.

అక్కడ కసరత్తులు చేయించే ఫిజియో మేడం ఉన్నది. మేడం అంటున్న గానీ వయసుల నాకంటే చిన్నది. నా కుర్చీ చూసింది, మెత్త చేతులకు తీసుకొని తడిమింది. నా చెయ్యి పట్టుకొని మెత్త నడుమ ఉన్న ముడి మీద పెట్టింది.

"అక్కా, మస్తు మంచిగ కుట్టినవ్. కానీ నీ ఎముక సరిగ్గ ఈ ముడి మీదికి వస్తుంది."

ఆ ముడిని వేలితోని ఒత్తి చూసిన, రాయి లెక్క ఉంది. ఎంత గట్టిగ లాగి వేసిన ముడులవి!

"ఎవరైనా చానాసేపు కూసుంటే నొప్పి పుట్టి అటిటు కదులుతరు," అన్నదామె. "కదిలినట్టు వాళ్ళకే తెలువదు. నీకు ఆ నొప్పి రాదు. అందుకని నొప్పి చేసే పనిని నువ్వు గుర్తుపెట్టుకొని చెయ్యాలె."

ఎట్ల చెయ్యాల్నో చూపించింది. బ్రేకులు వేసుకొని, రెండు చేతులు కుర్చీ చేతుల మీద ఆనించి ఒళ్ళు పైకి లేపుడు. అది చాతకాకపోతే ఒక పక్కకు వంగి కాసేపు, ఇంకో పక్కకు వంగి కాసేపు. పొద్దున ఒకసారి, పడుకునేముందు ఒకసారి చిన్న అద్దం పెట్టుకొని నా ఒళ్ళు నేనే చూసుకోవాల్నని చెప్పింది. "నీకు తెలువనిదాన్ని అద్దం చెప్తది," అన్నది. కుర్చీ గూడ నా తుంటికి సరిపోయేది రాసిచ్చింది, పాదాలు ఆనే పలకల ఎత్తు సరిచేయించింది.

పుండు మానేదాక బోర్ల పండుకున్న. అవి కష్టమైన రోజులు. ఊరికే ఉండలేక మంచం అంచుకు గుడ్డ పెట్టుకొని హుక్కులు, కాజాలు కుట్టిన. వాడకట్టు ఆడోళ్ళు వచ్చి నా తల కాడ కూసొని ముచ్చట పెట్టేటోళ్ళు. పుండు మెల్లగ పూడింది. మానినంక నాకు సరిపోయే కుర్చీ, దాంతోని ఫోము మెత్త వచ్చినయ్, ఆ మెత్తకు ముడులు లేవు, పైపింగ్ లేదు. మళ్ళ మిషను ముందు కూసున్ననాడు ఒక నియమం పెట్టుకున్న. జాకెట్టుకు ఒక చెయ్యి ఎక్కియ్యంగనే దారం తెంపాలె, ఒళ్ళు లేపాలె. ఇంకో చెయ్యి ఎక్కియ్యంగనే మళ్ళ లేపాలె. ఇప్పుడు నా చేతులకే అలవాటైంది.

మంచానికీ కుర్చీకీ నడుమ వేసుకొని జారడానికి నున్నటి చెక్క పలక ఒకటి ఉండాల్నని మేడం చెప్పింది. మా వాడకట్టుల ముసలి వడ్రంగి ఉన్నడు, ఆయన్ని అందరం చాచా అంటం. అత్తమ్మ పోయి పిలుచుకొచ్చింది. చాచా టేకు చెక్క తెచ్చి చిత్రిక పట్టి, అంచులు గుండ్రంగ చేసిండు. నేను జార్జెట్ ముక్క ఒకటి ఇచ్చిన.

"దీంతోని తుడువు చాచా. దీనికి పోగు పట్టకపోతే నా ఒంటికి గీరుకోదు."

రెండు తావుల పోగు పట్టింది. చాచా కళ్ళద్దాలు సరిచేసుకొని మళ్ళ గరుకు కాయితంతోని రుద్దిండు. పోగు పట్టకుండ అయ్యేదాక లేవలేదు. పోయేముందు వంటింట్ల బల్ల కాళ్ళు గూడ కోసి, గ్యాసు పొయ్యి నా చేతికందేటట్టు దించిండు.

మా ఆయనకు ఆ పలక నచ్చలేదు. "నేనుండంగ నీకు గిదెందుకు?" అని గోడకు నిలబెట్టిండు. నేను కొట్లాడలేదు. ఆయన డ్యూటీకి పోయినంక అత్తమ్మ, నేను తలుపు దగ్గరికేసుకొని నేర్చుకున్నం. కుర్చీని మంచం పక్కన పెట్టుడు, రెండు దిక్కుల బ్రేకు, కాళ్ళ పలకలు పైకి, మంచం దిక్కు కుర్చీ చెయ్యి తీసేసుడు, ఇగ పలక. ఒకనాడు ఒక దిక్కు బ్రేకు మరిచిన. కుర్చీ మెల్లగ జరిగింది, నేను పలకతో సహా నేల మీదికి జారిన. దెబ్బ తగల్లేదు. నన్ను లేపుడు అత్తమ్మకు చాతకాదు, నేను లేవలేను. ఇద్దరం ఒకరి మొకం ఒకరం చూసుకొని పడి పడి నవ్వినం. ఆమె చిక్కుడుకాయల గంప తెచ్చి నా పక్కన కూసున్నది. పక్కింటోళ్ళు వచ్చేదాక నేల మీదనే కాయలు ఒలిచినం.

"నీ మొగనికి చెప్తవా?" అన్నది.

"నువ్వు చెప్తవా?"

"నేనెందుకు చెప్త!" అన్నది.

చుట్టాలల్ల ఎవరో చనిపోయిండ్రని అత్తమ్మ మధిరకు పోయిననాడు మా ఆయనకు సెలవు. పొద్దున నన్ను మంచం మీది నుంచి ఎత్తబోయిండు. సగం లేపిండు. నడుముల ఏదో కటుక్కుమన్నది, నాకూ వినబడ్డది. నన్ను ఎట్లనో మళ్ళ మంచం మీద పెట్టి, తను పక్కన కూలబడ్డడు. లేవబోతే అరిచిండు. మంచం కోడు పట్టుకొని మెల్లగ నా పక్కకే పాకి వెల్లకిల పడుకున్నడు. చెమటలు పట్టినయ్.

"ఇప్పుడెట్లనే," అన్నడు. "అమ్మ గూడ లేదు."

"కదలకు. నేను చూస్త."

పలక మంచం పక్కనే గోడకు ఉంది. అందుకున్న. కుర్చీని దగ్గరికి లాగి, రెండు బ్రేకులు చేత్తోని తడిమి చూసుకొని, పలక వేసి, చేతుల మీద ఒళ్ళు జరుపుకుంట కుర్చీలకు చేరిన. కాళ్ళు ఒక్కొక్కటి ఎత్తి కుర్చీ పలకల మీద పెట్టుకున్న. ఆయన తల తిప్పి చూస్తుండు.

వంటింట్లకు పోయి చాయ పెట్టిన. వేడిది ఒడిల పెట్టుకోవద్దు, తొడలు కాలినా నాకు తెలువదు. చాయను ఫ్లాస్కుల పోసి మూత బిగించి, కుర్చీ ఎనక సంచిల వేసుకొని తెచ్చిన. గ్లాసుల పోసి ఇస్తే, పడుకున్నకాన్నే తల లేపి తాగిండు.

"ఎప్పుడు నేర్చినవ్?"

"నువ్వు డ్యూటీకి పోయినప్పుడు."

"అమ్మకు ఎరుకేనా?"

"అమ్మనే దగ్గరుండి నేర్పింది."

గ్లాసు నా చేతికిచ్చిండు. తర్వాత పైకప్పు దిక్కు చూసుకుంట అన్నడు: "బండి నడిపింది నేను. పడగొట్టింది నేను. మోసుడు గూడ నేనే మొయ్యాల్ననుకున్న."

ఆ మాట ఆయన నోటి నుంచి వచ్చుడు గదే మొదటిసారి. గ్లాసు పక్కన పెట్టిన. పెట్టి అన్న:

"బర్రె అడ్డమొస్తే నువ్వేం చేస్తవ్? మోసింది చాలు. ఇగ తోసుడు నేర్చుకో. అది గూడ నేను అడిగినప్పుడే."

ఆయనకు నవ్వొచ్చింది. నవ్వితే నడుము పట్టి మళ్ళ అరిచిండు.

నడుము కుదురుకున్నంక ఆయనే గడ్డపార పట్టి పాత ర్యాంపు పగులగొట్టిండు. బరువు పని నువ్వు చెయ్యొద్దంటే వినలేదు, చివరికి చాచా కొడుకులొచ్చి ఆయన చేతుల నుంచి గడ్డపార గుంజుకున్నరు. మేడం ఫోన్ల చెప్పిన లెక్క ఒకటే: అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు. మా వాకిలికి అంత జాగ ఎక్కడిది? కోళ్ళ గూడు తీసేసి, గోడ వెంబడి పోయి మలుపు తిరిగేటట్టు కట్టిండ్రు. మలుపు కాడ కుర్చీ ఆగడానికి సమానంగ జాగ విడిచిండ్రు. చక్రం పక్కకు పోకుండ అంచుకు చిన్న కట్ట పోసిండ్రు. అత్తమ్మ దానికి రెండు దిక్కులా ఎర్రమట్టి జాజు పూసింది.

మొదటిసారి ఒక్కదాన్నే దిగి రోడ్డు మీదికి పోయిన. చీర కొంగు చక్రంల చుట్టుకుంది. మరునాడే నాకు నేనే కుర్తాలు కుట్టుకున్న, ఎనక పొడవు, ముందర పొట్టి, కూసుంటే ముడత పడకుండ. వానాకాలం బురదకు చక్రాలు జారుతయని పాత జీన్సు గుడ్డతోని అరచేతులకు తొడుగులు కుట్టుకున్న. గుంత ఎక్కువున్న కాడ ఎవరినన్న అడుగుత. "కొంచెం పట్టుకోండ్రి, నేను చెప్పినప్పుడు వదలండ్రి," అంట. మొదట్ల గట్ల అడుగుడుకు మొకమాటం అయ్యేది. ఇప్పుడు దుకాణపోళ్ళే దూరం నుంచి "అక్కా, ఎక్కియ్యాల్నా?" అని అడుగుతరు. వద్దంటే ఊకుంటరు. గది గూడ వాళ్ళు నేర్చుకున్నరు.

మొన్న ఎండకాలం మేడం ఫోన్ చేసింది. టేకులపల్లి అవతల ఓ గూడెంల చింతచెట్టు మీది నుంచి పడ్డ ఆడామె ఉన్నదట, ఇంటికి పోయిన కాడి నుంచి కుర్చీ ఎక్కుతలేదట. "నేను చెప్తే ఇంటలేదు అక్కా. నువ్వు పోతవా?" అన్నది.

ఆటో మాట్లాడుకొని నేను, మా ఆయన పోయినం. ఆమెది నా వయసే. మంచం మీద, కిటికీ ఉన్న గోడ దిక్కు తిరిగి పడుకున్నది. వాళ్ళమ్మ బిడ్డతోని కోయ భాషల, మాతోని తెలుగుల మాట్లాడుతుంది. కుర్చీ పందిరి కింద మూలకు ఉన్నది, దాని మీద బట్టలు ఆరేసిండ్రు. టైర్లల్ల గాలి లేదు, గాలి లేకపోతే బ్రేకు పట్టదు. మా ఆయన, వాళ్ళన్న కలిసి సైకిలు పంపుతోని గాలి కొట్టిండ్రు.

నేను ఆటో దిగుడు, కుర్చీ తోలుకుంట వాకిట్లకు వచ్చుడు ఆమె కిటికీల నుంచి చూసిందట. నేను మంచం కాడికి పోంగనే నా దిక్కు తిరిగింది. ఎట్ల పడ్డవని అడగలేదు, ఎన్నడు నడుస్తనని అడగలేదు. వాళ్ళన్న అవతలికి పోయేదాక ఆగి, మెల్లగ అడిగింది:

"అక్కా, గింత దూరమొచ్చినవ్ గద. దార్ల ఒంటికి ఎట్ల పోయినవ్?"

నాకు నవ్వొచ్చింది. నన్ను చూసి ఆమె గూడ నవ్వింది, నోటికి కొంగు అడ్డం పెట్టుకొని. వాళ్ళమ్మ తలుపు దగ్గరికేసింది. నేను కుర్చీ ఎనక సంచి విప్పి, ఒంటికి పోను దార్లకు పెట్టుకునే సన్న గొట్టం, మూత సీసా, సబ్బు, మెత్త గుడ్డలు ఒక్కొక్కటే తీసి మంచం మీద పెట్టిన. ఆమె మోచేతుల మీద లేచి, ఒక్కొక్కటే చేతులకు తీసుకొని అడుగుడు మొదలుపెట్టింది.