కడిగేసిన మూడో చరణం

పోయిన నెల గిద్దలూరులో దూరపు చుట్టం ఒకామె భూస్థాపనకు వెళ్లాను. పెట్టెను గుంటలోకి దించే వేళకు నలుగురు పిల్లలు సెల్‌ఫోన్లు తీసి, తెర మీద అక్షరాలు చూసుకుంటూ మా నాయన కట్టిన పాట అందుకున్నారు. మొదటి రెండు చరణాలకు నేనూ పెదవులు కదిపాను. మూడో చరణం రాగానే, మా వైపు ఆనవాయితీ ప్రకారం, ఇంటివాళ్లు ముందుకొచ్చి మూడేసి పిడికిళ్లు మన్ను వేయసాగారు. నేను ఎప్పటిలాగే నోరు మూసుకున్నాను. పక్కనున్న ఆమె, "ఏందక్కా, మీ నాయన పాటే గదా, నీకు రాదా?" అని అడిగితే గొంతు పట్టేసిందని చెప్పాను. రాకపోవడమేమిటి, ఆ చరణం రాసిందే నేను. ఆ సంగతి ఈ రోజున బతికున్న మనుషుల్లో ఎవరికీ తెలియదు.

మీరూ నా ఈడువాళ్లే అయితే తడి పలక వాసన మీకు గుర్తుండే ఉంటుంది. బలపంతో రాసిన అక్షరం తడి తగలగానే మాయమైపోయి, సరిగా తుడవకపోతే ఆరాక మళ్లీ తేలడం, దానికి పంతులుగారి చేత దెబ్బలు తినడం కూడా గుర్తుండే ఉంటాయి. ఆ పలకలు తయారయ్యే మార్కాపురం మాది. నా చిన్నతనం, కర్నూలు జిల్లా నుంచి విడిపోయి మేము ఒంగోలు కేంద్రంగా ఏర్పడ్డ కొత్త జిల్లాలో కలిసిన రోజులు, మా వీధి పెద్దలకు ఒంగోలు ఇంకా పరాయి ఊరే. నాయన పలకల కార్ఖానాలో రాయి కోసేవాడు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కనురెప్పల మీద కూడా బూడిదరంగు దుమ్ము ఉండేది, చిన్నప్పుడు నాయన రంగే అదని అనుకునేదాన్ని.

పెళ్లైన కొత్తలో కూడా ఆయన హనుమంతునిపాడు దిక్కున వీధినాటకాలకు హార్మోనియం వాయించేవాడట. నాకంటే ముందు ఒక అన్న పుట్టి, పదకొండో నెలలో జ్వరంతో పోయాడట. ఆ బిడ్డను పూడ్చిన రోజు ఎవరో ముసలి బోధకుడు పిలవకుండానే వచ్చి, మన్ను మీద చతికిలబడి ఒక్కడే పాడి వెళ్లిపోయాడని, ఆనాటి నుంచి నాయన నాటకాలు మాని ప్రార్థనకు పోవడం మొదలుపెట్టాడని అమ్మ చెప్పేది. నాయన మాత్రం ఆ బిడ్డ ఊసు నా ముందు ఏనాడూ ఎత్తలేదు. ఎంతమంది ముందు సాక్ష్యం చెప్పినా ఆ ఒక్కటీ వదిలేసి చెప్పేవాడు.

ఆదివారాలు ఆయన సైకిలు వెనక హార్మోనియం కట్టుకుని, అమ్మ పాత చీర దానికి కప్పి, డోలక్ వాయించే మా మామను వెంటబెట్టుకుని కంభం, పెద్దదోర్నాల పల్లెల్లో సువార్త చెప్పడానికి పోయేవాడు. ప్రసంగం పెద్దగా చేసేవాడు కాదు. "అంచు పగిలిన పలకను మేము అవతల పారేస్తాం, ఆయన పారెయ్యడు, చట్రం మార్చి మళ్లీ రాస్తాడు" అని ఒక్క మాట చెప్పి పాట ఎత్తుకునేవాడు. ఎక్కడ చావు జరిగినా, మతం ఏదైనా, కబురు రాకముందే పోయి కూర్చునేవాడు.

పాట కట్టడానికి ఆయనదొక పద్ధతి. కార్ఖానాలో తిండి వేళప్పుడు, అంచులు పగిలి పక్కన పడేసిన పలకల మీద ఒక్కో దాని మీద ఒక్కో చరణం రాసి శనివారం ఇంటికి తెచ్చేవాడు. నేను వాటిని నోటుబుక్కులోకి ఎత్తి, పలకలు కడిగి పెట్టాలి. మనుషుల ముందు నోరు తెరవలేని నాకు ఇంట్లో గౌరవం తెచ్చిన పని అదొక్కటే.

ఒక శనివారం, భూస్థాపనల్లో పాడటానికి కట్టిన పాట మూడు పలకల మీద తెచ్చాడు. లైబ్రరీ నుంచి తెచ్చుకున్న కథల పుస్తకం సగంలో ఆపి వచ్చానేమో, నా మనసంతా దాని మీదే ఉంది. రెండు పలకలు ఎత్తి రాసి, మూడోది రాశాననుకుని తొట్టిలో ముంచి పీచుతో రుద్దేశాను. నోటుబుక్కు చూసుకుంటే రెండే చరణాలున్నాయి. ఆరితే తేలుతుందేమోనని పలకను ఎండలో పెట్టి పక్కనే కూర్చున్నాను. అంతా ఆరాక కింది మూలన ఒకే ఒక్క మాట సన్నగా తేలింది, ఉయ్యాల.

చావు పాటలో ఉయ్యాల ఎందుకొచ్చిందో అర్థం కావడానికి నాకు ఎంతోసేపు పట్టలేదు. నాయన మొదటిసారి అన్నను పాటలోకి తెచ్చుకున్నాడు, నేను పీచు పెట్టి తుడిచేశాను. పోయి చెబితే తిట్టేవాడు కూడా కాదు. అయినా నోరు రాలేదు. పొద్దుగూకేలోపు నాకు తోచిన రెండు వరుసలు ఆ ఖాళీలో రాసి పుస్తకం మూశాను.

*దుమ్ము నుండి తీసినావు, దుమ్ములోనే దాచినావు,*
*దాచినది మరువనోడా, నన్ను పేరు పెట్టి పిలువు.*

మర్నాడు ప్రార్థనలో నోటుబుక్కు చూసి పాడుతున్న నాయన మూడో చరణం దగ్గర ఒక్క క్షణం ఆగాడు. నేను ఆడవాళ్ల వరుసలో తల దించుకుని చాప పుల్లలు లెక్కపెడుతున్నాను. హార్మోనియం తిత్తి కదిలింది, నా మాటలు ఆయన గొంతులో నుంచి వచ్చాయి. బయటికొచ్చాక మామ నాయన భుజం మీద చరిచి, "బావా, ఆ మూడోది నువ్వు కట్టింది కాదులే, నీకంత బుర్ర యాడిది?" అన్నాడు. నాయన నవ్వి, "నిజమే బావా, నాది కాదు, ఇచ్చినారు" అన్నాడు. మామ దేవుడు ఇచ్చాడనే అర్థం చేసుకున్నాడు, నేనూ అలాగే అనుకుని ఊపిరి పీల్చుకున్నాను.

ఆ పాట ఊరూరా పాకింది. దుమ్ము అన్న మాట దగ్గర మన్ను వేయడం ఎవరు మొదలుపెట్టారో గాని, అదే ఆచారమైపోయింది. ప్రతి భూస్థాపనలోనూ నా అబద్ధం మీద మన్ను పడే చప్పుడు వినేదాన్ని.

కొన్నేళ్లకు నాయన పాటల్లో చరణానికీ చరణానికీ మధ్య హార్మోనియం ఎక్కువసేపు మోగసాగింది. కొత్త పద్ధతి అనుకున్నారు జనం. తిత్తికున్న గాలి ఆయన రొమ్ములో లేదని ఇంట్లోవాళ్లకే తెలుసు. డాక్టర్లు ముందు క్షయ అన్నారు, తర్వాత రాతి దుమ్ము అన్నారు. దుమ్ము అన్న మాటను ఆయన నోట్లో పెట్టింది నేనే కదా అనిపించింది. అది బుద్ధికి నిలబడే మాట కాదని తెలుసు, తెలిసినా పోలేదు.

చివరి రోజుల్లో మాట్లాడితే ఆయాసం వస్తుందని నాయన పలక మీదే రాసి చూపేవాడు. ఒక మధ్యాహ్నం అమ్మ నీళ్లకు పోయినప్పుడు, ఇక ఆలస్యం చేస్తే ఎప్పటికీ చెప్పలేనని, ఆ పలకే అందుకుని రాశాను, "మూడో చరణం నాది నాయనా. నీది నేను కడిగేసినా." ఆయన చదివి, అరచేతిని తడి చేసుకుని తుడిచి, తడి మీదే ఏదో రాశాడు. ఏమీ కనబడలేదు. ఇద్దరం అది ఆరే దాకా చూస్తూ కూర్చున్నాం. ఆరాక ఆయన అక్షరాలు తేలాయి. "తెలుసు. ఆ రోజే తెలుసు. నీది పాడుకుంటేనే నాకు గొంతు నిలిచింది."

నేను ఏడుస్తూ బలపం లాక్కుని, "నువ్వు రాసింది ఏంది?" అని రాశాను. ఆయన చదివాడు. బలపం తీసుకోలేదు. రెండు వేళ్లతో దుప్పటి అంచు పట్టుకుని, ఉయ్యాల ఊపినట్టు, మెల్లగా అటూ ఇటూ ఊపాడు.

నాలుగో రోజు పోయాడు. మామ డోలక్ ముట్టకుండా ఒట్టి గొంతుతో పాట పాడాడు, మూడో చరణం రాగానే నా పిడికిట్లోకి మన్ను పెట్టారు.

ఆనాడు ఉయ్యాల అన్న మాట తేలిన పలక ఇప్పటికీ నా దగ్గరుంది, ఆ ఒక్క మాట ఎప్పుడో అరిగిపోయింది. అయినా ఎండలు ముదిరిన రోజు దాన్ని తడిపి, మెట్టు మీద ఆరబెట్టి, కాసేపు పక్కన కూర్చుంటాను. పిల్లలకిప్పుడు పలకలే తెలియవు. నాయన పాట వాళ్ల ఫోన్లలో ఉంది, పైన నాయన పేరు, కింద నా రెండు వరుసలు. వాటిని ఇక ఏ నీళ్లూ చెరపలేవు. నేను చెరిపేసినవి మాత్రం ఎవరి ఫోన్లోనూ తేలవు.