మామ మెట్లు దిగిపోయి తీసిన సినిమా

మా మామ ఇక లేడని దవాఖాన నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను ఆయన కుంచెలు కడుగుతున్న. కరోనా రెండోసారి ముదిరిన ఎండాకాలం అది. "నేను వచ్చేసరికి కుంచెలు మెత్తగ ఉండాలె బిడ్డా" అని పోయేటప్పుడు చెప్పిండు. ఫోన్ పెట్టేసినంక కూడా మిగిలిన రెండు కడిగే లేచిన.

మామ అంటే మా ఆయన తండ్రి. సిరిసిల్ల దిక్కు నుంచి మీసాలు రాకముందే సూరత్ వచ్చి బట్ట నేసే లూమ్ నడిపిండు. మిషన్ ఆగితే చాలు, అట్టముక్క మీద పువ్వులు గీసేవాడట. అవి చూసి అక్కడి సలాబత్‌పురాలో ఒక సేఠ్ చీరల డిజైన్లు వెయ్యడానికి పెట్టుకున్నడు. కంప్యూటర్లు వచ్చి ఆ పని పోతే దుకాణాల బోర్డులు రాసిండు. గుజరాతీ ఒక్క ముక్క చదవరాదు. "చదవొస్తే చెయ్యి ఆగుతది. నేను అక్షరాన్ని నెమలిని చూసినట్టు చూసి గీస్త" అనేవాడు.

అప్పటికి నేను కొత్త కోడలిని. మా ఇండ్లల్ల కోడలు మామకు ఎదురుపడదు. మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు వినపడంగనే కొంగు తల మీదికి లాక్కొని తలుపు చాటుకు పోయేదాన్ని.

అంతల కరోనా మొదటి లాక్‌డౌన్ వచ్చింది. లూములన్నీ ఆగినయ్. అందరం భయంతో కూసుంటే మామ ఒక్కడే ఎగిరి గంతేసినట్టు లేచిండు. "సూరత్ సప్పుడు ఆగుడు మల్ల చూస్తమా? సినిమా తీద్దాం!"

కార్ఖానాకు తాళం. అందుకని రంగెయ్యని గుడ్డ మీద లూములన్నీ గీసి డాబా మీద కట్టిండు. దారాలు కూడా లెక్క తప్పలే. దాని ముందు ఒక ఆడమనిషి తిరగాలె, ఆగిన మిషన్లను తుడవాలె. అదే కథ.

"హీరోయిన్ నేనున్న గద!" అన్నది అత్త.

"ఇది మాటల్లేని సినిమా. నీ నోరు ఆగుతదా?" అన్నడు మామ.

నవ్వాగక నేను తలుపు చాటున కొంగు నోట్ల కుక్కుకున్న. ఆయన నా దిక్కు చూడకుండనే, "బిడ్డ చేస్తది" అన్నడు.

మామ ముందు నేనెట్ల నడవాలె? దానికి ఆయనే ఉపాయం చెప్పిండు. ఫోన్ స్టాండుకు పెట్టి, వీడియో బటన్ వత్తి, చెప్పులు టపటపలాడించుకుంట మెట్లు దిగిపోయేవాడు. కింది నుంచి కేకేసేవాడు. "నేను లేను బిడ్డా, ఫోనే ఉన్నది! జల్ది, ఎండ పోతాంది!" నాకు రెక్కలొచ్చినట్టుండేది. రోజూ ఎండ ఎప్పుడు వాలుతదా అని ఎదురుచూసేదాన్ని.

అన్నీ అయినయ్, ఆఖరిది తప్ప. అందుల లూములు మల్ల మొదలైతయ్, ఆమె తలెత్తి నేరుగ మనల్ని చూడాలె. ఫోన్ వెనుక మామ లేకున్నా నా తల లేవలే. ఎన్నిసార్లు తీసినా వంగిన తలే. "అది లేకుంటే సినిమా లేదు. అయినా తొందరేం లేదు, నీకు అనిపించిన నాడు తీద్దాం" అన్నడు. నాకు అనిపించేలోపల ఆయన పోయిండు.

దినాలయినంక మా ఆయనతోని అన్న, "ఫోన్ పెట్టు. నేను చూస్త." ఆయన దిగిపోబోతే, "ఉండు, ఏం కాదు" అన్న. మెత్తని ఆ కుంచె ఒకటి చేతుల పట్టుకొని తలెత్తిన. ఒక్కసారికే వచ్చింది.

సీన్లు అతికేటప్పుడు, "ప్రతి దాని ముందు బాపు చెప్పుల సప్పుడున్నది, కోసేస్త" అన్నడు మా ఆయన. "కొయ్యకు" అన్న. నేను ఆయన మాటకు అడ్డం చెప్పుడు అదే మొదలు.

రోగం తగ్గినంక ఒక పొద్దుగూకే యాళ్ల, బిల్డింగోళ్లంతా డాబా మీద కూసున్నరు. మామ గీసిన గుడ్డనే తిప్పి తెర లెక్క కట్టినం. తెల్లటి గుడ్డ వెనక నుంచి లూములు పలుచగ కనపడుతున్నయ్. అత్త అందరికీ, "నా కోడలు! నా కోడలు!" అని చూపిస్తున్నది.

బొమ్మ ఇంకా పడలే. ముందుగాల స్పీకర్ల నుంచి చెప్పుల చప్పుడు, టపటప. నా చెయ్యి దానంతటదే పోయి కొంగును తల మీదికి లాగింది.