పెద్దమ్మ ఇవ్వని కండె

పెద్దమ్మ చనిపోయిందన్న వార్త ఊరికి గుడి మైకులోనే తెలిసింది. "మన సంఘానికి పెద్దదిక్కు పోయింది" అని గుడి సంఘం అధ్యక్షుడు గొంతు బరువు చేసుకుని చెబుతుంటే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ గుడి ఆమెను ఏం చేసిందో ఆ మైకు ఒక్కనాడూ చెప్పలేదు.

ఆమె మా పక్కింటావిడ. చుట్టరికం లేకపోయినా నాకు పెద్దమ్మే. చొప్పదండికి ఇవతల మా ఊళ్లో నేతవాళ్లకు సొంత గుడి ఉంది. ఏటా ఉత్సవానికి ముందు ఇంటింటి నుంచి ఒక్కో కండె నూలు తెచ్చి, అన్నీ కలిపి ఒకే వస్త్రం నేసి దేవుడికి కడతారు. ప్రతి ఇంటి పోగూ అందులో ఉండాలని మా పెద్దలు పెట్టిన పద్ధతి.

నా చిన్నతనంలో ఒక ఏడు పెద్దమ్మ కండెను వెనక్కి ఇచ్చేశారు. వేరే కులపు అబ్బాయిని పెళ్లి చేసుకున్న చెల్లెలికి ఇంట్లో చోటిచ్చిందని, ఆమె గడప ఎవరూ తొక్కవద్దని గుడి మండపంలోనే కూర్చుని తీర్పు చెప్పారు. ఆ ఏడే ఆమె భర్త, మా పెద్దబాపు, పోయాడు. పాడె పట్టడానికి మావాళ్లు ఒక్కరూ కదల్లేదు. ఆ చెల్లెలి భర్తా, అతని దోస్తులూ మోశారు. మా బాపు తలుపు వేసుకుని ఇంట్లో కూర్చున్నాడు.

తర్వాత తర్వాత అంతా మామూలైపోయింది. వెలి ఎత్తేశామని ఎవరూ చెప్పలేదు, వేశామని ఒప్పుకోనూ లేదు. సంఘంవాళ్లు మళ్లీ కండె అడగడానికి పోతే పెద్దమ్మ ఇవ్వలేదు.

"అప్పుడెందుకు వాపస్ ఇచ్చిన్రో మైకుల చెప్పున్రి. ఒకటి కాదు, పది ఇస్త" అనేది. చాయ్ మాత్రం తాగించి పంపేది.

కోపిష్టి మనిషేం కాదు. నాకు తెగిన పోగు అతకడం నేర్పింది ఆమే. నేను ముడి దాచాలని తంటాలు పడుతుంటే, "కనవడితే ఏమైతది బిడ్డా? తెగింది నిజమే గదా" అని నవ్వేది. నేను సంఘంలో కార్యదర్శినయ్యానని సంబరంగా చెబితే, "అయ్యో, ఇగ నీకు గూడ నోరు వడిపాయె" అంది. అక్షరాలా అదే జరిగింది.

పోయినేడు గుడి గోడ మీద చరిత్ర రాయించాం. 'ఈ గుడి ఏనాడూ ఎవరినీ దూరం పెట్టలేదు' అన్న వాక్యం కూడా అందులో ఉంది. పెద్దమ్మకు కళ్లు సరిగా ఆనవు. నన్ను పిలిచి అది చదివించుకుంది. విని, "పోరగాండ్లు నిజమే అనుకుంటరు గదరా" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. కానీ ఆ వాక్యం ఇప్పటికీ గోడ మీద అలాగే ఉంది.

మొన్న ఆమెను సాగనంపడానికి నేత సాంచాలన్నీ ఆపి కులమంతా వచ్చింది. పాడె పట్టడానికి ఒకరినొకరు నెట్టుకున్నారు. అధ్యక్షుడు దేవుడి మీది వస్త్రం తెచ్చి, ఒక చివర నా చేతికిచ్చాడు. కప్పబోతుంటే పెద్దమ్మ కూతురు అడ్డం వచ్చింది.

"ఆగున్రి కాకా. గిండ్ల మా అవ్వ పోగు లేదు. ఎందుకు లేదో గిందరి ముంగట చెప్పి కప్పున్రి."

"గిప్పుడు గా ముచ్చటెందుకు బిడ్డా" అని అధ్యక్షుడు గొణిగాడు.

ఆమె నావైపు తిరిగింది. "నువ్వన్న చెప్పు అన్నా."

నోరు తెరిచాను. అందరూ చూస్తున్నారు. చేతిలోని వస్త్రం చివర సర్దుకున్నాను.

ఆమె ఇంకొక్క క్షణం చూసి, లోపలి నుంచి తల్లి కట్టుకునే చీర తెచ్చి కప్పింది. పెద్దమ్మ చెల్లెలి కొడుకులు పాడెను భుజాలకెత్తుకున్నారు. డప్పులు కదిలాయి, వెనకే జనమూ కదిలింది. దేవుడి వస్త్రం చెరో చివర పట్టుకుని, ఆ ఖాళీ వాకిట్లో అధ్యక్షుడూ నేనూ మిగిలాం.