స్ట్రైకర్ దాచిన నొప్పి

2022లో నేను ఇంగ్లండ్‌లోని రీడింగ్ పట్టణంలో ఒక ఆసుపత్రి ఫిజియోథెరపీ విభాగంలో పనిచేస్తున్నాను. మోకీలు మార్పిడి ఆపరేషన్ అయినవాళ్లను మళ్లీ నడిపించడం నా పని. ఆ మార్చిలో రమోన్ వచ్చారు. అరవై మూడేళ్ల ఉరుగ్వే మనిషి. తమ దేశంలోనూ స్పెయిన్‌లోనూ పద్నాలుగేళ్లు ఫుట్‌బాల్ స్ట్రైకర్‌గా ఆడి రిటైరై, కూతురి దగ్గర ఉంటున్నారు.

మొదటి రోజే పెయిన్ స్కోర్ అడిగాను. తన నొప్పికి పేషెంటు సున్నా నుంచి పది వరకు ఇచ్చే మార్కు అది.

"సున్నా," అన్నారు నవ్వుతూ.

మూడు వారాలూ అదే జవాబు. అది నమ్మి నేను వ్యాయామాలు పెంచుకుంటూ పోయాను. మోకాలు మాత్రం డెబ్బై డిగ్రీలు దాటి వంగలేదు సరికదా, బాగా వాచింది. అది అలాగే బిగుసుకుపోతే మత్తిచ్చి బలవంతంగా వంచాల్సి వస్తుంది. లోపం నా వైద్యంలోనే ఉందేమోనని బెంగ పట్టుకుంది.

నాలుగో వారం ఆయన్ని కారులో దింపడానికి వచ్చిన కూతురు లూసియా నన్ను పక్కకు పిలిచింది.

"నాన్న ఇంట్లో మెట్ల మీద కూర్చుని, ఒక్కో మెట్టూ జారుతూ దిగుతున్నారు. మీకు చెప్పొద్దన్నారు."

ఆ రోజు వ్యాయామాలు పక్కనపెట్టి, ఆయన ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాను.

"ఆడే రోజుల్లో నొప్పిగా ఉందని ఎవరికైనా చెప్పారా?"

"ఒక్కసారి. పంతొమ్మిదేళ్లప్పుడు కోచ్ అడిగితే ఉందన్నాను. మర్నాడు నా చోట్లో ఇంకొకణ్ణి దింపారు. వాడు రెండు గోల్స్ కొట్టాడు. ఆ ఏడాదంతా నేను బెంచీ మీదే. తర్వాత ఇంజెక్షన్లు వేయించుకుని ఆడాను గానీ, నొప్పని ఎవరితోనూ అనలేదు."

"ఇక్కడ మీ చోట్లోకి ఎవరూ రారు. నిజం చెబితేనే నా పని నేను చేయగలను."

"ఏడు," అన్నారు. "మెట్ల మీదైతే తొమ్మిది."

డాక్టరుతో మాట్లాడి మందు మార్పించాను. వ్యాయామాలు సగానికి తగ్గించాను. వాపు తీసింది. రెండు నెలలు తిరిగేసరికి మోకాలు నూరు డిగ్రీలు వంగింది, ఆయన నిలబడే మెట్లు దిగారు.

చలికాలంలో ఆఖరి చెకప్‌కి వచ్చినప్పుడు వాకింగ్ ఫుట్‌బాల్ జట్టులో చేరానని చెప్పారు. పెద్దవయసువాళ్లు నడుస్తూ ఆడే ఆట అది.

"మొదటి ఆటలోనే రెండుసార్లు ఫౌల్ ఇచ్చారు. పరిగెత్తానట," అన్నారు. ఫిర్యాదులా మొదలుపెట్టారు గానీ ముఖం వెలిగిపోతోంది.

ఇప్పటికీ పెయిన్ స్కోర్ అడిగి రాసుకుంటాను. కానీ అక్కడితో ఆగను. "నిన్న ఇంట్లో ఏ పని చేయలేకపోయారు?" అని కూడా అడుగుతాను. నొప్పిని దాచడం అలవాటైనవాళ్లు సైతం, బూట్లు వేసుకోలేకపోయామనో టబ్బులోంచి లేవలేకపోయామనో ఆ ప్రశ్నకు నిజం చెప్పేస్తారు.