అడిగి తెచ్చుకున్న నీళ్ళు

హక్కు అనే మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. మంచి మాటే, కాదనను. ఆ మాట మీద జీతం తిన్నదాన్ని, దాన్ని ఊరూరా మోసినదాన్ని. అయినా మండుతుంది, ఏం చేయను!

నేను పనిచేసిన సంస్థ ఆఫీసు భద్రాచలంలో ఉండేది. డబ్బు విదేశాల నుంచి వచ్చేది, సారు హైదరాబాదు నుంచి వచ్చాడు, ఊళ్ళు తిరిగే కాళ్ళు మాత్రం నావి. మాది ములకలపల్లి. చిన్నప్పుడు సంతలో అమ్మ పక్కన కూచుని ఉప్పూ ఎండుచేపలూ అమ్మినదాన్ని కాబట్టి కోయమాట నాకు వచ్చు. అందుకే నన్ను తీసుకున్నారు. మొదట్లో మా పని ఎవరికైనా అర్థమయ్యేది. నీళ్ళు లేని గూడేనికి బోరు వేయించేవాళ్ళం. బోరుబండి చెవులు పగిలేలా మోగేది, సాయంత్రానికి బురదనీళ్ళు పైకి చిమ్మేవి, పిల్లలు అందులో పడి దొర్లేవాళ్ళు. నాకు ఆ రోజు అన్నం రుచిగా ఉండేది.

తర్వాత పద్ధతి మారింది. సారు ఏదో ట్రైనింగుకు వెళ్ళి వచ్చి, గోడకు పెద్ద కాగితం అంటించి రెండు సున్నాలు గీశాడు. ఒక దాంట్లో ‘హక్కుదారులు’ అని, రెండో దాంట్లో ‘బాధ్యులు’ అని రాశాడు. “ఇక మనం బోర్లు వేయం. మనం వేస్తే సర్కారు చేతులు దులుపుకుంటుంది. నీళ్ళు దానం కాదు, హక్కు. అడగాల్సింది జనం. మన పని వాళ్ళకు అడగడం నేర్పడమే,” అన్నాడు. విన్నప్పుడు నాకూ నచ్చింది. నచ్చదా మరి? చెయ్యి చాచి తీసుకునేవాళ్ళను చూసి చూసి నాకూ విసుగొచ్చింది.

ఆ ఎండాకాలమే మాకు ఆ గూడెం దొరికింది. ములకలపల్లి దాటాక రోడ్డు పోయి బాట మిగులుతుంది, బాట కూడా పోయి వాగు మిగులుతుంది. ఆ వాగు అవతల కొన్ని గుడిసెలు. కాల్పులకు భయపడి పక్క రాష్ట్రం నుంచి పారిపోయి వచ్చిన కోయవాళ్ళు. వచ్చినప్పటి నుంచి ఒక చోట నిలిచింది లేదు. ఎవరైనా గద్దిస్తే మూటలు సర్దుకుని ఇంకో చోటికి పోయేవాళ్ళు. కొత్తవాళ్ళు కనిపిస్తే ఎన్ని ఇళ్ళో కూడా చెప్పరు. వాగు ఇసకలో చెలమ తవ్వుకుని, ఊరిన నీళ్ళు సొరకాయ బుర్రతో తోడుకునేవాళ్ళు. ఎండలు ముదిరితే అదీ ఎండిపోయేది.

అక్కడ ఒక పెద్దమ్మ ఉండేది. నన్ను బిడ్డా అనేది. చెలమ దగ్గర నుంచి వస్తూ, బాట పక్కన నిలబెట్టిన ఒక రాతి మీద చారెడు నీళ్ళు పోసి గానీ ఇంట్లోకి పోయేది కాదు. బిందెలో అడుగు కనిపిస్తున్నా సరే, ముందు రాతికే. ఒకరోజు అడిగాను, ఎందుకని.

“గీ రాయే మా ఆయన. జరమొచ్చి దూప దూప అనుకుంటనే పోయిండు. గప్పుడు చెలమల సుక్క లేదు.”

చచ్చిపోయిన మనిషికి రాయి నిలబెట్టడం వాళ్ళ ఆచారం. కానీ ఊరికే నిలబెట్టరు. చుట్టాలను పిలవాలి, అందరికీ తిండి పెట్టాలి. పారిపోయే వాళ్ళకు అవన్నీ ఎక్కడివి? దారిలో చచ్చిపోయిన వాళ్ళెవరికీ రాయి పెట్టలేదు. ఇక్కడ మాత్రం పెట్టారు. ఆయన బతికుండగా గొడ్డలి నూరుకున్న రాతినే తెచ్చి నిలబెట్టారు. దాని అంచున నున్నగా అరిగిన గాడి ఉండేది. రాయి నిలిచిందంటే ఇక ఆ చోటే తమ ఊరని వాళ్ళ లెక్క.

“ఇంక యాడికి పోను బిడ్డా. నన్ను గుడ ఈన పక్కనే పెడుతరు,” అంది.

మేం అక్కడ పెట్టిన మీటింగుకు సారు కూడా వచ్చాడు. చెట్టుకు కాగితం కట్టి మళ్ళీ ఆ రెండు సున్నాలు. ఆయన చెప్పింది నేను వాళ్ళ మాటలో చెబుతున్నాను. ఖాళీ బిందెలతో మండలాఫీసుకు పోవాలి, ఊరి పేరు చెప్పాలి, అందరూ వేలిముద్రలు వేయాలి, గట్టిగా అడగాలి. ఊరి పెద్ద అంతా విన్నాడు. ఆయన ఆ పెద్దమ్మకు మరిది.

“నీళ్ళు గావాలె. పేరు వద్దు,” అన్నాడు.

నేను సారుకు చెప్పాను. ఆయన నవ్వి, “భయం. ఇన్నేళ్ళ అణచివేత అలాగే ఉంటుంది. ఆ భయం పోగొట్టడమే మన పని,” అన్నాడు. “భయం కాదు సార్, అది వాళ్ళు బతికే ఉపాయం. కనబడకపోవడం వల్లనే ఇక్కడ ఉండనిస్తున్నారు. ఈ ఒక్క బోరు మనమే వేయించి ఊరుకుందాం,” అన్నాను. ఆయన ముఖం మాడ్చుకున్నాడు. “అలా మళ్ళీ పాత దారికి వెళ్తే పైవాళ్ళకు నేనేం చెప్పాలమ్మా?” అన్నాడు. వాగు దాటి రాని పైవాళ్ళ కోసం ఆ మనిషి పడ్డ బెంగ అంతా ఇంతా కాదు.

పెద్దమ్మ సారు వైపు కాదు, నా వైపు చూసి అడిగింది. “అడిగితే ఉండనిస్తరా?”

సారు నా అనువాదం కోసం కూడా ఆగలేదు. “అది మీ హక్కు!” అన్నాడు.

పోయారు. ఖాళీ బిందెలు నెత్తిన పెట్టుకుని, మేం నేర్పిన నినాదం తడబడుతూ అరుస్తూ పోయారు. ఆఫీసులో ఎవరూ వాళ్ళను కసురుకోలేదు. కుర్చీలు వేశారు, మంచినీళ్ళు ఇచ్చారు. అధికారి అర్జీ తీసుకుని, “ఈ ఊరెక్కడుంది? మా రికార్డుల్లో లేదే!” అన్నాడు. సారు ఉత్సాహంగా ఫోనులో మ్యాపు తీసి చూపించాడు. మరునాడు పేపర్లో పెద్దమ్మ ఫొటో పడింది. ఆఫీసులో దాన్ని కత్తిరించి గోడకు అంటించారు.

ఆ అర్జీ ఎన్ని బల్లలు తిరిగిందో నాకు తెలియదు. కొన్నాళ్ళకు ఖాకీ బట్టల వాళ్ళు ట్రాక్టర్లతో వచ్చారు. ఇది అడవి, ఇక్కడ ఊరు ఉండకూడదన్నారు. నేను పోయేసరికి గుడిసెల వాసాలు కుప్పగా పడి ఉన్నాయి, మనుషుల్లేరు. బాట పక్కన రాయి మాత్రం నిలబడి ఉంది. దాని మొదట్లో మట్టి ఇంకా తడిగా ఉంది. పోతూ పోతూ పోసి పోయిందన్నమాట.

తిరిగి వచ్చి సారుకు చెప్పాను. ఆయన, “ఇది కూడా హక్కుల ఉల్లంఘనే కదా. దీని మీద వేరే ప్రాజెక్టు రాయొచ్చు,” అన్నాడు. థూ! నా బతుక్కి ఆ మాట కూడా వినాలని రాసి ఉంది.

మళ్ళీ ఎండాకాలానికి ముందు ఆఫీసులో లడ్డూలు పంచారు. బోరు మంజూరైంది. మా అర్జీ మీదే, ఆ చోటే. పంపు కూడా బిగించేశారట. మనుషులు లేని ఊరికి నీళ్ళు వచ్చాయి, మేం గెలిచాం. లడ్డూ బల్ల మీదే వదిలేసి బస్సెక్కాను.

ఆ గూడెం వాళ్ళు మిరపకాయలు ఏరడానికి బోనకల్ వైపు పోయారని సంతలో విన్నాను. చేలన్నీ తిరిగితే ఒక రైతు పొలం గట్టున, టార్పాలిన్ కింద పెద్దమ్మ కనిపించింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ఘాటుకు కళ్ళు ఎర్రబడి ఉన్నాయి, “తిన్నవా బిడ్డా?” అంది. బోరు సంగతి చెప్పాను.

“నీళ్ళొచ్చినయా!” అంది. నా చెయ్యి పట్టుకుంది. “మమ్మల్ని ఆడికి రానియ్యరు. నువ్వు పోయి ఆయనకు చెంబెడు పోసిరా. దూపతోనే ఉన్నడు.”

పోయాను. గుడిసెలున్న చోట మొక్కలు నాటి, చుట్టూ ముళ్ళకంచె వేశారు. మధ్యలో కొత్త చేతిపంపు. మొక్కలకు నీళ్ళు పోసే కూలీలు పంపు కొడుతున్నారు. బాట పక్కన చూశాను. రాయి లేదు, గుంత ఉంది. అటూ ఇటూ వెతికి, చెంబు పట్టుకుని పంపు దగ్గరికి పోయాను. పంపు మూతి కింద, బిందె పెట్టుకోవడానికి ఒక రాయి పడుకోబెట్టి ఉంది. అంచున నున్నగా అరిగిన గాడి. ఎవరో కూలీ బిందె తీసి, “పట్టుకో అక్కా,” అని నాకు చోటిచ్చాడు. చెంబు పెట్టకుండానే పంపు కొట్టాను. చేతులు నొప్పి పుట్టేదాకా కొట్టాను.

మళ్ళీ బోనకల్ పోయినప్పుడు ఆమె చేను మధ్య నుంచే కేకేసింది. “పోసినవా బిడ్డా?”

“అవ్ పెద్దమ్మా, పోసిన. ఇప్పుడు రోజూ పడుతున్నయ్ ఆయన మీద నీళ్ళు.”

ఆమె ముఖం విప్పారింది. “మంచిగైంది. అడిగినందుకు గంతన్న దక్కింది,” అని మళ్ళీ మిరప సాలులోకి వంగింది.