మునివేళ్ల కింద రాతిపెచ్చులు

పొద్దున్నే నంద్యాల నుంచి మా అక్క ఫోన్లో వీడియో పంపింది. అందులో మా బావ గోల్ఫ్ కర్ర ఎత్తి, ఊపిరి బిగబట్టి ఒక్కటిచ్చుకున్నాడు. జెండా ఎదురుగా ఉంటే బంతి కుడిపక్కకు తిరుక్కొని పక్కోళ్ల జొన్నచేలో దూరింది. కింద అక్క రాసింది: "రేయ్, మీ బావ అన్నం సరిగా తినడంల్యా. దీనికి మందేందో నీకు తెలుసంట గదా, చెప్పరాదా?" ఆళ్లగడ్డలో సగం చెక్కిన నంది ముందర కూచొని ఆ వీడియో నాలుగుసార్లు చూసినా. నాలుగోసారి టీ తెప్పించుకొని మరీ చూసినా.

మా బావది విత్తనాల అంగడి. బెంగళూరు వ్యాపారస్తులతో తిరిగి ఈ ఆట అంటించుకొచ్చి, శనగ కోసేసిన చేన్లో గుంత తవ్వి జెండా పాతినాడు. నల్లరేగడి గదా, సగం బంతులను నెర్రెలే మింగేవి. ఆరేండ్ల కిందట ఒక ఆదివారం చుట్టాలందర్నీ పిలిచి, నా చేతికీ కర్ర ఇచ్చినాడు. నేను ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టినోన్ని. అయినా సుత్తి పట్టిన చేయి, ఇదెంత అనుకొని కొట్టినా. బంతి అడ్డంగా పోయి ఉగ్గాని బేసిన్లో పడి, మిరపకాయ బజ్జీల పక్కన ఉడకబెట్టిన గుడ్డు మాదిరి కూచుంది. "ఏడో తరగతి బంతి గదప్పా, అడ్డదోవనే పోతాది!" అన్నాడు బావ. నవ్వినోళ్లల్లో నా పెండ్లాం కూడా ఉంది. ఆ పొద్దు నుంచి నా పేరు అడ్డబంతి. పెండ్లి పంక్తిలో వడ్డించేవాడు కూడా "అడ్డబంతన్నకు ఇంకో ఓళిగ!" అని అరిచేవాడు. ఓళిగ తిన్నా, పేరు మాత్రం మింగలేకపోయినా.

బావ పక్కన పడేసిన పాత కర్రను అక్క చేత తెప్పించుకున్నా. బంతికి జాజు పూసి కొట్టినా, ఎర్రమరక యాడ పడుతుందో చూద్దామని. మరక ఇనుప పలక మీద లేదు, కడ్డీ పలకలోకి దిగే మెడ మీద ఉంది. కొట్టే ఆత్రంలో నేను కాలి మునివేళ్ల మీదికి వంగుతాండా, నాతో పాటు కర్రా ముందుకు జరుగుతాంది, బంతికి మెడ తగులుతాంది. ఈ జబ్బు నాకు పాతదే. పని నేర్చుకునే రోజుల్లో ఇట్లే వంగి, ఉలి మీద పడాల్సిన సుత్తిని బొటనవేలి మీద వేసుకునేవాన్ని. మా గురువు తిట్టలేదు. నా మునివేళ్ల కింద నాలుగు రాతిపెచ్చులు పోసినాడు. ముందుకు వంగితే కాలే కేక పెడుతుంది. ఇప్పుడు అవే పెచ్చులు బూట్లలో పోసుకొని, బంతికి అవతల ఒక చెప్పు పెట్టి, అది కదలకుండా కొట్టడం పట్టుకున్నా. నెల తిరిగేసరికి బంతి తాడు గుంజినట్టు పోయింది.

నంద్యాల పోయి, అదే చుట్టాల ముందర మూడు బంతులు జెండా కాడికి కొట్టినా. "గాలి కలిసొచ్చిందిలే" అన్నాడు బావ. ఇంక నన్ను మించాలని ఆత్రపడి, వంగి వంగి, నా జబ్బే తగిలించుకున్నాడు. ఒకనాడు చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకొని, "ఏం చేసినావప్పా, చెప్పు" అన్నాడు మెల్లగా.

"బంతికి ఇంకొంచెం దగ్గరికి జరుగు బావా" అన్నా.

జరిగినాడు. దగ్గరయ్యేకొద్దీ బంతికి ఇంకా మెడే తగిలింది. తర్వాతి ఆదివారం ఇంకొంచెం అన్నా. ఇప్పుడాయన బంతిని తొక్కుతాడేమో అన్నట్టు నిలబడతాడు. నా పేరు ఆయనకు పోయింది. పెండ్లి పంక్తిలో మొదట పిలిచింది నేనే.

అక్కకు జవాబు రాసినా: "బేగా నయమైతాది, ఇంకొంచెం దగ్గరికి జరగమను." ప్రతి ఆదివారం పెచ్చులు పొట్లం కట్టి జేబులో వేసుకొనే నంద్యాల బస్సెక్కుతా, ఆయనకియ్యకుండా అట్లే తిరిగి తెచ్చుకుంటా. ఆరేండ్లయింది గదా, ఇంక చెప్పేయరాదా అంటుంది నా పెండ్లాం. ఏడో తరగతి బంతి అన్న బావకు ఆరేండ్లు. పడిన నాకు అది ఇంకా పోయిన ఆదివారమే.