తీగకు గుచ్చిన బిళ్ళలు

మహబూబాబాద్‌లో రషీదా బేగం దుకాణానికి బోర్డు లేదు. పిల్లల మూడు చక్రాల సైకిలు, గ్యాసుబండ స్టాండు, ముసలివాళ్ళ వాకరు... ఇంట్లో చక్రమున్నది ఏది చెడినా జనం అక్కడికే తెస్తారు. భర్త జమాల్ పోయాక పదకొండేళ్ళుగా ఆ ఇరుకు గదే ఆమె బతుకు.

అలాంటి చాలా చక్రాలకు నట్టు ఉండదు. ఇరుసు చివర, చక్రం మూత కింద, నొక్కి ఎక్కించిన చిన్న ఇనుప బిళ్ళ ఉంటుంది. దాని లోపలి పళ్ళు ఇరుసును కరిచి పట్టుకుంటాయి. ఊడబెరికితే ఆ పళ్ళు బయటికి తిరిగిపోతాయి. మళ్ళీ ఎక్కించినా పట్టు ఉండదు. అందుకే రషీదా పాత బిళ్ళను ఎన్నడూ తిరిగి వాడలేదు. అయితే పారేసేదీ కాదు. సైజు పోల్చుకోవడానికి రకానికి కొన్ని తీగకు గుచ్చి గోడకు వేలాడదీసేది. ఊడదీసినదాన్ని వాటి పక్కన పెట్టి చూసి, ఆ సైజు కొత్తది డబ్బాలోంచి తీసేది.

తమ్ముడు ఆరిఫ్‌కు ఈ పనంతా ఆమే నేర్పింది. జనగామలో చెల్లెలి బిడ్డ నిఖాకు పోతూ నాలుగు రోజులు తాళం అతని చేతిలో పెట్టింది. అతనే రైలెక్కించి, బిస్కెట్ పొట్లం చేతికిచ్చి, "జర ఆరాం తీస్కో ఆపా" అన్నాడు.

తిరిగొచ్చిన మర్నాడే మంగ్యా వచ్చాడు. నెల్లికుదురు దగ్గరి తండా అతనిది. భుజాన తల్లి వాకరు, చేతిలో ఊడిన చక్రం. తల్లిని అతను యాడి అంటాడు.

"మొన్ననే గదక్కా నీ కాడ బాగుజేయించిన. చక్రమూడి మా యాడి పడ్డది. దవాఖానల చేతికి పట్టీ కట్టిండ్రు."

జేబులోంచి బిళ్ళ తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. పళ్ళు బయటికి తిరిగి ఉన్నాయి. అంచున పట్టుకారు గాటు. రషీదా గోడ వైపు చూసింది. తీగ మీద సగం బిళ్ళలే మిగిలాయి. మూలన పని చేసుకుంటున్న తమ్ముడి వైపు తిరిగింది.

"డబ్బల కొత్తయి లేవా ఆరిఫ్?"

"చక్రం మూత కింద ఏమున్నదో ఎవలు జూస్తరాపా?"

ఆమె డబ్బా తెరిచింది. ఖాళీ.

"నేను పోయేనాడు నిండుగుండె."

ఆరిఫ్ తన సంచీని వెనక్కి జరుపుకున్నాడు. మంగ్యాయే అన్నాడు: "ఆరిఫ్ నెల్లికుదురుల దుకాణం పెడుతుండు గదక్కా. రేకులు గూడ ఏసిండు. రషీదక్కదే, రెండో దుకాణమని అందరికి చెప్తుండు. నీకెరుక లేదా?"

రషీదా తమ్ముడి ముందు చెయ్యి చాపింది.

"ఒక్కటియ్యి."

అతను తన సంచీలోంచి కొత్త బిళ్ళ తీశాడు. ఆమె దాన్ని ఇరుసు మీద పెట్టి, పైపు ముక్క ఆనించి సుత్తితో కొట్టి ఎక్కించింది. చక్రాన్ని మూడుసార్లు గుంజి చూసింది.

"రేపొచ్చి యాడిని జూస్త మంగ్యా. తండల అడిగితే నా దుకాణంల పాత బిళ్ళ ఏసిండ్రనే చెప్పు. నెల్లికుదురుది నాది గాదని గూడ చెప్పు."

"గట్ల చెప్తే నా దిక్కు ఎవలొస్తరాపా?" అన్నాడు ఆరిఫ్.

"తాళం ఆడ పెట్టు."

పెట్టాడు. గడప దగ్గర ఇంకేదైనా అంటుందేమోనని నిలబడ్డాడు. రషీదా తీగ విప్పి, మిగిలిన బిళ్ళలను మళ్ళీ ఎవరూ వాడకుండా ఒక్కొక్కటే రాతి మీద పెట్టి సుత్తితో చదును చేసింది. మంగ్యా తెచ్చినదాన్ని మాత్రం తిరిగి తీగకు గుచ్చి గోడకు తగిలించింది. తల తిప్పేసరికి గడప దగ్గర ఎవరూ లేరు.